జ్ఞానాంబక్క లారీలో పెండ్లోళ్లు

ఏమప్పా సుకుమారూ, పొద్దున్నే నీ బండి స్టార్ట్ సేస్తా ఉంటే ఆ గరగర ఏంది? మా ఇంటిదాకా ఇనపడతా ఉండాది. కొనేటప్పుడు లేదా? ఉంటాదిలే, నువ్వు పెయింటు సూసుంటావు, ఇంజను సూసుండవు. నవ్వబాక. మా జ్ఞానాంబక్క అయితే పెయింటు పక్కకే పొయ్యేది కాదు. ఎవరంటావా? నా తోడబుట్టిందప్పా, నువ్వు బడికి పొయ్యే నాటికే పోయింది. మామిడికాయలు తోలేదానికి బాడుగబండ్లోళ్లని బతిమలాడలేక ఇసుగు పుట్టి, మద్రాసుకి పోయి పాత చిన్నలారీ ఒకటి కొనుక్కొచ్చె. లచ్చల కిలోమీటర్లు తిరిగిన బండి. డ్రైవరు ఆమె, క్లీనర్ని నేను. "ఏం మునెయ్యా, అక్క తోల్తే నువ్వు తుడస్తావా?" అని ఊరంతా నవ్వినారు. తుడిస్తే ఏమి, కూడు పెడతా ఉండాది గదా! ఆమెకి ఆయిలు పిచ్చి. ఇంట్లో కూరకి నూనె లేకపోయినా ఇంజనుకి ఆయిలు మార్సాల్సిందే. ఆయిలు కొలిసే పుల్ల తీసి, ఏలికి రాసుకోని, ఎండలో సూసి, "నల్లబడిందిరా మునీ, దించెయ్" అనేది. ఇంగా టైముండాది గదక్కా అంటే, "ఇది ముసిలిదిరా, ముసిలిదానికి ముందుగానే పెట్టాల" అనేది.

ఏం సెప్తా ఉండాను? ఆఁ, ఆ గరగర. ఇంజను లోపల టైమింగ్ చైను అని ఉంటాది. కింద పిస్టన్లనీ పైన వాల్వుల్నీ ఒగ వరసలో ఆడించే గొలుసు. తిరిగి తిరిగి సాగిపోతాది. పొద్దున్నే గరగరమని, ఆయిలు పైకెక్కినాక సద్దుమణిగితే కొన్నాళ్లు తోలచ్చు. మణగలేదా, ఇంగ ఆగాల్సిందే. గొలుసు పన్ను జారితే పిస్టను పోయి వాల్వును గుద్దుతాది, ఇంజను సచ్చినట్టే. అక్క కొత్త చైను తెచ్చి సీటు కింద పెట్టుండె, కాయల సీజను అయినాక ఏయిద్దామని. ఆ సీజన్లోనే మా ఎదురింటి సుబ్బులమ్మ కూతురు లోకేశ్వరి పెండ్లి వచ్చె, పలమనేర్లో. ఊర్లో బండ్లన్నీ జూసు ఫ్యాక్టరీలకి కాయలు తోలతా ఉండాయి, మిగిలింది మాదే. పొద్దున్నే పెండ్లికూతురూ, సుట్టాలూ, మేళగాళ్లూ, వంటోళ్లూ అందరూ ఎక్కినారు. బండి బంగారుపాళెం దాటింది, సద్దు మణగలా. అక్క రేడియో ఆపి ఇనింది. మొగిలి కొండ గాటు తట్టు పోవాల్సిన బండిని సర్రున మెకానిక్కు యోగానంద షెడ్డులోకి తిప్పె. సుబ్బులమ్మ ఎనకనించి ఒకటే అరుపు. "జ్ఞానాంబా! యాడికి తిప్పతా ఉండావే? పెండ్లి నా కూతురికా, నీ లారీకా?" "దిగండి అందరూ, చైను మార్సాల" అనె అక్క. "గాట్లో ఇంజను ఆగిపోయి ఇంతమందితో బండి ఎనక్కి జారితే నువ్వు పట్టుకుంటావా వొదినా?" మెల్లగా పోదామక్కా అని నేనన్నా. సీటు కింద చైను తీసి నా సేతిలో పెట్టింది. అంతే, స్పానర్లు దించినా.

ఇంగ సూడప్పా ఆ షెడ్డు! వంటోళ్లు పొయ్యి రాజేసి ఉప్మా సేసినారు. మేళగాళ్లు ఊరికే ఎందుకని వాయించినారు. లోకేశ్వరి పట్టుసీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకోని లైటు పట్టుకుంటే, అక్కా యోగానందా కొత్త చైను ఎక్కించి పండ్లచక్రాల మీది గుర్తుకి గుర్తు కలిపినారు. అయినాగానీ స్టార్ట్ కొట్టనీలా అక్క. యాడన్నా తగులుతాదేమో అని ఇంజన్ని సేత్తోనే తిప్పి తిప్పి సూసింది. అప్పుడు కొట్టినాం. గరగర లేదప్పా! నిద్రపొయ్యే పిల్లి గుర్రుమంటాదే, అట్ల. తిట్టిన సుబ్బులమ్మే పరిగెత్తుకోనొచ్చి లారీకి కర్పూరం ఎలిగించి, అక్క బుగ్గలు పునికి మెటికలు ఇరిసింది. గాటంతా ఎనకాల పాటలే పాటలు! సీరియలు లైట్లు ఎలిగే ఏళకి పలమనేరు మంటపం ముందర దించినాం.

అక్క లోపలికి రాలా. "నా అవతారం సూడు, ఈడనే ఉంటా" అని క్యాబిన్లో కూసునె. లోకేశ్వరి పోయినట్టే పోయి మళ్లీ వచ్చి, "దిగత్తా, ముందు నువ్వే దీవించాల" అని కాళ్లకి మొక్కె. "సేతులు నల్లగుండాయే" అంటే, "ఉండనీ అత్తా" అనె. అక్క ఆ పిల్ల మొగం రెండు సేతులతో పట్టుకోని లేపింది. బుగ్గమీద బొటనేలంత మసి. సుబ్బులమ్మ కొంగుతో తుడవబోతే, "తుడవబాకమ్మా, దిష్టిసుక్క" అని అట్నే పోయి కూసునిందప్పా పెండ్లికొడుకు పక్కన! ఆ సుక్క ఫోటోలన్నిట్లో ఉండాది. మా అక్క ఒకదాంట్లో గూడా లేదు, ఆ మసే...

సరే, ఎండొచ్చేసింది. ఈ కుర్సీ ఇట్ల నీడకి జరుపప్పా.