ఎర్ర బల్బు

కోయంబత్తూరు పీలమేడులో ఓ ఇంటి వెనక రేకుల షెడ్డు. తనంతట తానే తిరుగుతూ కరెంటు పుట్టించాలని అయస్కాంతాలు బిగించిన చక్రాన్ని అన్న చేత్తో తిప్పి వదిలాడు. వ్యాను నడిపే చెల్లెలు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

“మళ్లీ రెండు చుట్లకే ఆగిపోయిందన్నా.”

“ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్టు బిగువు. అయినా బల్బు వెలుగుతోందిగా.”

“చక్రం ఆగాక కూడానా?”

“ఆల్టర్నేటర్‌లో కరెంటు నిలవ ఉంటుందే. ఆదివారం మా మిల్లులో పనిచేసేవాళ్లందర్నీ చూడ్డానికి రమ్మన్నాను.”

“ఈ ఎర్ర బల్బెక్కడిది?”

“నీ పాత వ్యానులో స్టీరింగు ముందు ఉండేదే. ఆల్టర్నేటర్‌తో పాటు పీకి, అందులో ఉన్నట్టే బ్యాటరీకి కలిపాను.”

“అది వెలిగితే ఆల్టర్నేటర్‌లో కరెంటు పుట్టట్లేదని అర్థం, అన్నా. పుడితే ఆరిపోతుంది.”

“స్టీరింగు తిప్పేదానివి, నీకేం తెలుసు?”

“పదేళ్లు దాన్ని చూస్తూనే కదా తిప్పాను.”

అతను బల్బు వైపు తిరిగాడు.

“ఆర్నెల్లుగా ఎన్నిసార్లు తిప్పినా ఒక్కసారి కూడా ఆరలేదే,” అన్నాడు.