ఆగక తప్పని కారు

షోరూములో ఒకే రూపున్న రెండు ఎలక్ట్రిక్ కార్లు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. భార్య తెల్లదానికే మొగ్గు చూపుతుందని ఆయనకు గట్టి నమ్మకం. అందుకే ఎర్రదాని మీద చెయ్యి వేసి, వాదనకు దిగాడు.

“తెల్లది ఒక్క ఛార్జికి ఐదొందల యాభై కిలోమీటర్లు పోతుంది, ఒప్పుకుంటా. ఎర్రది నాలుగొందలే. కానీ యాక్సిలరేటర్ మీద కాలు పెడితే చాలు, మూడున్నర సెకన్లలో వంద అందుకుంటుంది!”

“ఎర్రదే తీసుకుందాం.”

“ముందు నేను చెప్పేది విను... ఏమన్నావ్?”

“ఎర్రదే అన్నాను.”

“స్పీడంటే నీకు పడదుగా!”

“ఇప్పుడూ పడదు. మా అక్కావాళ్ళ ఊరెంత దూరం?”

“ఐదొందలు. తెల్లదైతే ఎక్కడా ఆగక్కర్లేదు. ఎర్రదైతే దారిలో ఛార్జింగ్ పెట్టాల్సిందే.”

“దారిలో వచ్చే ఆ సరస్సు పక్కనే పెట్టొచ్చట. ఇందాక సేల్స్ అమ్మాయిని అడిగాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ సరస్సుని కారు అద్దంలోంచే చూస్తున్నా. ఆపండి అంటే, వెళ్ళేటప్పుడు ‘వచ్చేటప్పుడు చూద్దాంలే’ అంటారు. వచ్చేటప్పుడు ‘చీకటి పడుతోంది’ అంటారు.”

“టైముకి ఇల్లు చేరొద్దూ మరి?”

“చేరాలి. అందుకే మీరు ఆపరు. ఇది ఆపుతుంది. ఎంత స్పీడుగా తోలితే అంత తొందరగా ఛార్జి ఖాళీ అయిపోతుందట కూడానూ. మీ ఇష్టం, తోలుకోండి.”

ఎర్ర కారు మీద వేసిన చెయ్యి ఆయన మెల్లగా తీసేశాడు.

“ఛార్జింగ్‌కి అరగంట పైనే పడుతుంది. అంతసేపూ నేనేం చెయ్యను?”

“నా పక్కన కూర్చోండి.”