గారు లేని పేరు

ఈ ఫొటోలో టైపు మిషను ముందు కూర్చున్నావిడా? మా మేనత్తే. మున్సిపాలిటీలో టైపిస్టు. మాట మహా పొదుపు. నాకు ఉద్యోగం వేయించింది ఆవిడే, అది వేరే కథలే... ఆ, ఎక్కడున్నాం? ఏటికి ఈ ఒడ్డు వాళ్ళూ ఆ ఒడ్డు వాళ్ళూ నాలుగేళ్ళు కాల్చుకుని, చివరికి మా మీటింగు హాల్లో ఎదురెదురుగా కూర్చున్నారు చూడు, అప్పటి మాట. అన్నీ కుదిరాయిగానీ, పోయినవాళ్ళ జాబితా దగ్గర పీటముడి పడింది. మన కాగితంలో మనవాళ్ళు "ఫలానా గారు అమరులయ్యారు", అవతలివాళ్ళు "చచ్చాడు". వాళ్ళ కాగితంలో సరిగ్గా తిరగేసి. నవ్వకు, ఆ ఒక్క మాటకే మళ్ళీ తుపాకులు బయటికొచ్చేట్టున్నాయి. ఆఖరికి అందరికీ "గారు", అందరూ "పోయారు" అని ఒప్పుకున్నారు. అత్తయ్య ఒకటే జాబితా కొట్టింది. పైకి చదివింది నేను.

చదువుతున్నానా, మధ్యలో ఒక పేరుకి గారు లేదు. మనవైపు లారీ ఓనరు ఒకాయన లేచాడు. అబ్బో, ఆ గొంతు! "మనవాడికే మర్యాద లేదా? ఈ టైపిస్టమ్మ ఎవరి పక్షం?" కుర్చీలు కిర్రుమన్నాయి. అవతలివాళ్ళూ లేచారు. అత్తయ్య మాత్రం కూర్చునే, "వాడు నా కొడుకండీ. కన్నకొడుకుని గారు అని ఎలా అంటాను? చేతులు రాలేదు" అంది. అప్పుడు అవతలి తాపీమేస్త్రీ... అతని పేరెత్తితేనే ఉమ్మేసేవాళ్ళం మేము... "అమ్మా, మావాడికీ కొట్టెయ్యండి. పంతొమ్మిదేళ్ళ వెధవకి గారేంటి, ఒరేయ్ అంటేనే పలికేవాడు" అని భోరుమన్నాడు. ఇంక ఒక్కొక్కరే లేచి మావాడికీ, మా చెల్లికీ అని. ఒకడైతే "మా నాన్నకి ఉంచండి బాబూ, లేకపోతే లేచొచ్చి తిడతారు" అన్నాడు. నవ్వారు కూడాను! అటూ ఇటూ కలిసి నవ్వడం అదే మొదలు.

చివరికి తొమ్మిది పేర్లు మిగిలాయి. వాళ్ళ తరఫున అడగడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు. ఆరుగురు అవతలివాళ్ళే. అందులో ఒక పేరు నేను చదవకుండా దాటెయ్యబోయాను. బావని, అదే అత్తయ్య కొడుకుని, కాల్చింది వాడేనని ఊరంతా అనేవాళ్ళు, అత్తయ్యకీ తెలుసు. ఆవిడ పెన్ను తీసుకుని తొమ్మిదింటికీ గారు కొట్టేసింది. "వీళ్ళకి నేనున్నానుగా" అంది. అంతే అంది.

...ఆ కిటికీ కాస్త వెయ్యమ్మా, ఎండ కళ్ళల్లో పడుతోంది.