లావు పుస్తకం

మాంసం కొట్టు షట్టరు దించేసి మరీ చెల్లెల్ని కొట్టాడు అన్న. ఆమె పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. మాంసం నరికే మొద్దు మీద ఆమె పుస్తకాలు రెండు అప్పటికే తునకలై పడున్నాయి.

“బిజినెస్ స్కూలు కావాలా నీకు? నువ్వు పోతే ఈ కొట్టు నీ తాత చూస్తాడా?”

“చదువుకుని వచ్చి నేనే చూస్తా అన్నయ్యా.”

“నోర్ముయ్! ఇంకేం దాచావ్?”

“సంచిలో ఉన్న ఆ లావు పుస్తకం ఒక్కటీ వదిలెయ్. ఊరంతా గాలించి తెచ్చుకున్నా. ఎంట్రన్స్‌కి అదే ముఖ్యం.”

“అయితే దాని పని పట్టాల్సిందే. పెట్టిక్కడ! దీని తర్వాత నీ వేళ్ళే.”

ఆమె సంచిలోంచి ఇటుకంత పుస్తకం తీసి మొద్దు మీద పెట్టింది. అతను పళ్ళు కొరుకుతూ, ఒంట్లో బలమంతా కూడదీసుకుని మాంసం కత్తితో ఒక్క వేటు వేశాడు. కత్తి సగందాకా దిగి బిగుసుకుపోయింది. లాగితే పుస్తకమే లేచొచ్చింది గానీ కత్తి ఊడలేదు. దాన్ని విదిలించుకునేలోపే, గోడకున్న తోలు ఒలిచే కత్తి ఆమె చేతిలోకొచ్చి అతని గొంతుకు ఆనింది.

“పొడుస్తావే? సొంత అన్ననా?”

“కదిలితే పొడుస్తా. షట్టరెత్తు.”

చేతిలో కత్తి వదిలేసి షట్టరెత్తాడు. వీధిలో వెలుతురు కళ్ళలో కొట్టింది.

“పో! పుస్తకాలన్నీ పోయాక ఏం చదువుతావో నేనూ చూస్తా!”

“చదవాల్సినవి నిన్ననే స్నేహితురాలింటికి చేర్చేశా. ఈ లావుది మాత్రం చదవడానికి కొనలేదన్నయ్యా, నీ కత్తి కోసమే కొన్నా.”