తుపాకీకి రాసిన నూనె

మరిది గోడ మీంచి తన అన్న తుపాకీ దించి ట్రిగ్గర్ నొక్కాడు. కదల్లేదు. ఒళ్లు మండిపోయి వంటింటి గుమ్మంలో ఉన్న వదిన వైపు తిరిగాడు.

"దీన్ని తుడిచేది నువ్వే కదా?"

"నేనే. వానల్లో తుప్పు పట్టకుండా నూనె కూడా రాస్తున్నాను."

"ఏ నూనె?"

"వంటనూనె."

"మతి ఉందా నీకు? అది ఎండితే లోపలంతా బంకలా పట్టేస్తుంది. అన్నయ్య చెప్పలేదా?"

"లక్షసార్లు చెప్పారు."

"చెప్పినా రాశావా? అవతల గట్టు మీద మన పగవాడు మీసం మెలేస్తున్నాడు. నన్ను చేతులూపుకుంటూ వెళ్లమంటావా?"

"గొంతు తగ్గించు. మీ అన్నయ్య కూడా ఇలాగే ఊగిపోతూ దీన్ని పట్టుకెళ్లారు. తుపాకీ ఒక్కటే ఇంటికొచ్చింది. ఆ రోజు నుంచే వంటనూనె రాస్తున్నాను."