ఇంగువ సేఠ్ ముక్కు

ఫలక్‌నుమా స్టేషన్ పక్క చాయ్ హోటల్లో వైకుంఠం సేఠ్ నోరు తెరిచాడంటే గల్లీ అంతా కుర్చీలు లాక్కుని చుట్టూ చేరుతుంది. తాతల నాటి ఇంగువ, మసాలాల హోల్‌సేల్ దుకాణం ఆయనది. సరుకు అసలుదో నకిలీదో వాసన చూసి తేల్చడం ఆ ఇంటి ఆనవాయితీ. అందుకే బస్తీలో ఎవరు బలం పొడి కొన్నా, డబ్బా మీద ఏం రాసుందో చూడరు, తెచ్చి ఆయన ముక్కు కింద పెడతారు.

నగేష్ కూడా అలాగే పెట్టాడు. సేఠ్ "అసలు మాల్" అన్నాక వాళ్లమ్మ లక్ష్మీకాంతమ్మ రోజూ ఆ పొడి పాలల్లో కలుపుకుని తాగుతోంది. ఈ పొద్దున ఆమె కళ్లు పచ్చగా కనిపించాయి. నగేష్‌కు ఆ పొడి మీదే అనుమానం వచ్చింది. ఒక్క మాట అడుగుదామని పరుగున వచ్చాడు, సేఠ్ అడగనిస్తేగా!

"అన్నా, మా అమ్మ డబ్బా..."

"ఆగు భాయ్, చెప్పనీ. మొన్న జల్‌పల్లికెల్లి ఒకాయన విటమిన్ గోలీలు తెచ్చిండు. మూత తియ్యకముందే చెప్పిన, గిది నకిలీ అని. పగలగొట్టి చూస్తే సుద్ద! ఆ తర్వాత ఏమైందో తెలుసా? గీ ముచ్చట కంపెనీ మాలిక్‌ల దాక పోయింది, వాళ్లు కార్లేసుకొని వచ్చి, సేఠ్ సాబ్, మీ ముక్కు మా ల్యాబుల పెడతరా అన్నరు, ముక్కొక్కటే ఎట్లొస్తది, ఎనక నేను గూడ రావాలె గదా అన్న!"

అందరూ నవ్వారు. నగేష్‌కు నవ్వు రాలేదు.

"ఇంకా విను. సముద్రం అవతల ఫ్యాక్టరీల తప్పు మందు కలుపుతుంటే నాకు గీడ తుమ్మొచ్చింది. ఫోన్ కొట్టి మిషన్ బంద్ చేయించిన!"

"గంత దూరం వాసనొస్తదా సేఠ్?" అన్నాడు పక్క బల్ల మీది రామ్‌చందర్.

"రాక? నాకు కరోనా వచ్చి పోయినంక ఇంకా తేజ్ అయింది!"

అప్పుడే పాలు మాడిన కంపు గుప్పుమంది. రామ్‌చందర్ ముక్కు మూసుకున్నాడు. చాయ్ చేసేవాడు పొయ్యి దగ్గరికి ఉరికాడు. పొయ్యి సేఠ్ వీపు వెనకే ఉంది, ఆయన మాత్రం చెబుతూనే ఉన్నాడు.

నగేష్ ఒకసారి పొయ్యి వైపు, ఒకసారి సేఠ్ ముక్కు వైపు చూశాడు.

"అన్నా, గిప్పుడేం వాసనొస్తుంది?"

సేఠ్ కళ్లు మూసుకుని గట్టిగా పీల్చాడు. "ఏముంది? మస్తు చాయ్ వాసన."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నగేష్ ఇంటికి ఫోన్ కలిపాడు.

"అమ్మా, ఆ డబ్బా ముట్టకు. ఆటో తెస్తున్న, దవాఖానకు పోదాం."

"గిప్పుడే తాగిన బిడ్డా," అంది లక్ష్మీకాంతమ్మ. "నీరసంగుంటే ఇంకో చెంచా ఎక్కువేసిన. సేఠ్ వాసన చూసిన పొడే గదా."