చౌడమ్మ కొప్పు పిన్ను

ఏడుకొండలని ఒక ట్రైలరు డ్రైవరు. మంచోడే. తాగడు, తిట్టడు, బండికి బొట్టు పెట్టందే తాళం తిప్పడు. ఆళ్ల నాయన దాకా మగ్గం నేసినోళ్లే, ఈడొచ్చి స్టీరింగు పట్టాడు. ఆడికున్న రోగమల్లా ఒకటే, నిదానం. యార్డులో టీ కొట్టు నాది, నేను టీ పోసిస్తే చల్లారిందాకా ఊదుతానే ఉంటాడనుకో. అట్టాంటోడికి జ్యేష్ఠమాసంలో పెళ్లయింది. పిల్ల పేరు చౌడేశ్వరి, చీరాల పక్క మగ్గాలోళ్ల పిల్ల. చెయ్యీ చురుకే, నోరూ చురుకే. పెళ్లయిన ఇరవయ్యో రోజుకి ఆషాఢం. మీకు తెలవందేముంది, ఆషాఢం వచ్చిందంటే కొత్త పెళ్లికూతురు పుట్టింటికి పోవాల, అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. అంటే ఆళ్లిద్దరికీ ఉన్నది ఇరవై రోజులే. నాలుగు రోజులు గడిచినయ్యో లేదో ఓనరు ఫోను చేశాడంట, బండెక్కమని. ఎక్కి పోయాడు. పోయినోడు పోయినట్టే, ఎనిమిది రోజులు ఇంటి మొహం చూడలా.

ఏమైందంటే, మా యార్డులో ఒక పద్ధతుంది. కొండ మీద నించి గ్రానైటు పలకల పెట్టెలు ట్రైలరు మీద వస్తయ్యి, వాటిని బెల్టులేసి బిగిస్తారు. ఇక్కడ క్రేను పెట్టెలు దించినాక, ఆ బెల్టులన్నీ గుండ్రంగా చుట్టి బండి మీద వరసగా నిలబెట్టాల. గుమాస్తా పేరిరెడ్డి వచ్చి చూసి, చుట్టినోడికి చుట్టినట్టు తరవాతి లోడుకి చీటీ రాసిస్తాడు. ముందు చీటీలకి దగ్గర లోడు, సాయంత్రానికి ఇల్లు. ఎనక చీటీలకి బళ్లారో, ఇంకా అవతలో. ఇప్పుడు మనోడి సంగతి చూడండి. బెల్టులు పదారు, ఒక్కోటి ముప్పై అడుగులు. నేల మీద మఠమేసుకుని కూర్చుంటాడు, చుడతాడు, చుడతాడు, చివరికొచ్చినాక అంచు ఒక వేలెడు పక్కకి జరిగిందనుకో, మళ్లీ మొత్తం ఇప్పి చుడతాడు. ఏందిరా ఇదీ అంటే, నేసినోళ్ల బిడ్డని అక్కా, అంచు వంకరపోతే చూడలేను అంటాడు. ఆడి అంచు కుదిరేలోపల దగ్గర లోడులన్నీ ఎళ్లిపోయేయి.

అక్కడ అత్తారి ఊళ్లో అమ్మలక్కలు ఊరుకుంటారా? ఆ పిల్లతో అన్నారంట, ఒసే చౌడీ, డ్రైవర్లకి దారిలో ఇంకో ఇల్లుంటదంటనే, చూసుకో అని. పెళ్లయిన పన్నెండో రోజున బస్సెక్కి, అన్నం కేరియరు చేత పట్టుకుని సరాసరి మా యార్డులో దిగింది. మెడలో తాడు ఇంకా పచ్చగానే ఉంది. అక్కా, ఏడుకొండలనే డ్రైవరు యాడుంటాడు అని నన్నే అడిగింది. నేను చెయ్యి చూపించా. ఈడు అక్కడ నేల మీద కూర్చుని, చెమట కక్కుతా బెల్టు చుడతన్నాడు. పోయి ఎదురుగా నిలబడింది. ఇదా నా సవతి? అంది. ఈడు తలెత్తి చూసి, ఒకతి కాదే, పదారు మంది అన్నాడు. నవ్వలేక చచ్చామనుకో. అదీ నవ్వింది. నవ్వినాక ఆడి చేతులు చూసింది, బొబ్బలు. ఇంక నవ్వలా.

తెల్లారి మళ్లీ వచ్చింది, మామగారి పాత రాట్నం ఇరుసూ, తిప్పే పిడీ చీరకొంగులో మూటగట్టుకుని. ట్రైలరు పక్కనుండే బొక్కలోకి ఇరుసు దూర్చి, బెల్టు కొస దానికి మెలేసి, నూలు కండె చుట్టినట్టు గిరగిరా తిప్పింది. ముప్పై అడుగులూ కళ్లు మూసి తెరిచేలోపల చుట్టుకుంది. అంచు కూడా గీత గీసినట్టుందంటే నమ్మండి. డ్రైవర్లందరూ పోగైనారు. సరే, తియ్యి అన్నాడు పేరిరెడ్డి. లాగింది, రాలా. ఈడు లాగాడు, రాలా. నలుగురు పట్టుకుని లాగితే నలుగురూ ఎల్లకిల్లా పడ్డారు గానీ అది రాలా. రాట్నంలో అయితే కండెకి గొట్టముంటది, గొట్టంతో సహా ఊడొస్తది. దీనికి గొట్టం యాడుంది? చేతి అలవాటు కొద్దీ ఆ సంగతే మరిచిపోయింది పిల్ల. ఇరుసు మీద ఇనపముద్దలాగా బిగుసుకుపోయిన బెల్టుని మళ్లీ అడుగడుగూ ఇప్పేసరికి మధ్యాన్నమైంది, ఆఖరి చీటీ ఆళ్లదే అయింది.

నా బల్ల మీద కూర్చుని ఏడ్చింది తల్లీ. ఇంకేడు రోజులే ఉన్నయ్యక్కా, సాయం చేద్దామని వచ్చి ఉన్నది కూడా చెడగొట్టా అని. నాకూ కళ్లల్లో నీళ్లు తిరిగినయ్యి, ఎందుకు తిరిగినయ్యో తరవాత చెప్తా. టీ ఇచ్చా. ఆ లాగుళ్లకి కొప్పు ఊడిపోయుంది. మళ్లీ ముడేసుకుందామని కొప్పు పిన్ను చేతిలోకి తీసుకుంది, రెండు కాళ్ల పిన్ను, మనందరికీ ఉండేదే. ముడెయ్యలా. నేను పొట్లాలు కట్టే నాడా ఒకటి బల్ల మీదుంటే, దాని కొస పిన్ను కాళ్ల మధ్యన పెట్టి, ఊరికే దిగులుగా తిప్పతా కూర్చుంది. నాడా చుట్టుకుంది. పిన్ను లాగింది. చుట్ట సుబ్బరంగా ఊడొచ్చి అరచేతిలో కూర్చుంది. పిల్ల ఆ చుట్ట వంక చూసింది, నా వంక చూసింది. అక్కా, నీ పొయ్యి చువ్వ ఇయ్యి అంది. ఇవ్వక చస్తానా? పక్కనే వెల్డింగు కరీముల్లా కొట్టుకి ఉరికింది. చువ్వని కొప్పు పిన్నులాగా రెండు కాళ్లకి వంచి, ఎనకాల రాట్నం పిడి అతికించాడు.

ఆ మర్నాడు నేను రెండో వాయి టీ దించకముందే పదారు బెల్టులూ చుట్టేసి నిలబెట్టాడు ఏడుకొండలు. కొస దూర్చడం, తిప్పడం, లాగడం, అంతే. అంచు చూసుకున్నాడు, ఇప్పలా. మొదటి చీటీ ఆడిదే. ఆ ఆరు రోజులూ పొద్దుగూకకముందే ఇంట్లో ఉన్నాడంట. మనిషి టీ కూడా ఊదకుండా తాగాడు, మూతి కాలినా సరే.

మరి మిగతా డ్రైవర్లు ఊరుకుంటారా? మాకూ చెయ్యించమని ఎంటబడ్డారు. ఇస్తే నేను మళ్లీ ఎనకబడతానే అని ఈడి గొణుగుడు. చౌడేశ్వరి అందరినీ పిలిచి, ఇస్తా, కాకపోతే ఒక మాట, కొత్తగా పెళ్లయినోడి బండికి ఆషాఢం దాకా వరస లేదు, ముందు చీటీ ఆడిదే అంది. అట్టా ఎట్టా కుదురుద్దమ్మా అన్నాడు పేరిరెడ్డి. రెడ్డిగారూ, మీరు పెళ్లయిన కొత్తలో యాడున్నారు? అనడిగింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. గూడూరు యార్డులో, అన్నాడు. చీటీల పుస్తకం ముందుకి లాక్కుని, సరే, కానియ్యండి అన్నాడు.

ఇప్పుడు ఏ ట్రైలరు చూసినా పక్కన ఒక చౌడమ్మ పిన్ను ఏలాడతా ఉంటది. ఆ పద్ధతీ ఉంది. మొన్నొకడు, మీసాలు నెరిసినోడు, నుదుటికి బాసికం కట్టుకుని వచ్చి ముందు చీటీ ఇమ్మన్నాడు. పేరిరెడ్డి ఆడి పెళ్లానికి ఫోను కలపబోతే బాసికం ఇప్పేశాడు. నా పొయ్యి చువ్వ మాత్రం తిరిగి రాలా. పోతే పోయిందిలే అనుకున్నా. మా ఆయనా ట్రైలరు డ్రైవరే, మా పెళ్లినాటికి ఈ పిన్నూ లేదు, ఈ పద్ధతీ లేదు. ఆయన మొహం నేను సరిగ్గా గుర్తుపట్టింది పెద్దోడు పుట్టినాకే.